వేన్నీటికెంత వేడిమి?

వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడని మన పెద్దల సామెత. సంసారమునకు కొద్దిపాటి ఆదాయము తోడైనప్పుడు ఈ మాటను వాడుచుందుము. కాని స్నానపు గదిలో దీని అక్షరార్థమే మిక్కిలి ఉపయోగకరమైనది. ఎంత వేడినీటికి ఎంత చల్లనీరు తోడుచేయవలెనో తెలియుట నిన్నమొన్నటి వరకు ఇల్లాలి చేతి నేర్పు. పెరటిలో కాగు క్రింద కట్టెలు మండుచుండెడివి. నీరు సలసల కాగుట చెవికి వినబడెడిది. ఆవిరి లేచుట కంటికి కనబడెడిది. చెంబుతో ముంచి తెచ్చి, చల్లనీటిలో కలిపి, మోచేతితో తాకి చూచి, పిమ్మటనే బిడ్డకు నీళ్ళు పోసెడివారు.

ఇప్పుడా కాగు గోడకెక్కినది. దానికి గీజరని పేరు. అందు మంట కనబడదు, చప్పుడు వినబడదు. లోపలి నీరెంత వేడెక్కవలెనో నిర్ణయించునది ఒక చిన్న నాబు మాత్రమే. గీజరును అమర్చిననాడు మిస్త్రీ ఆ నాబును ఎక్కడ నిలిపెనో, అనేక గృహములలో అది యేండ్ల తరబడి అక్కడనే నిలిచియుండును. అది చేయు పని యేమి? దానిని ఎక్కడ నిలుపుట మేలు? ఈ రెండు ప్రశ్నలకు మాకు తెలిసినంతలో సమాధానము చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము. ఇందు చెప్పు డిగ్రీలన్నియు సెంటిగ్రేడు డిగ్రీలు.

ఇంట రేడియో ఉన్నవారికి నాబు క్రొత్త వస్తువు కాదు. రేడియో నాబును త్రిప్పిన కొలది ధ్వని హెచ్చును. గీజరు నాబు కూడ అట్టిదేయని తలచి, చలికాలమున నీరు త్వరగా కాగవలెనని దానిని చివరిదాక త్రిప్పువారు పెక్కుమంది కలరు. ఇది పొరపాటు. గీజరులోని ఎలిమెంటు శక్తి 2 కిలోవాట్లయినచో, నాబు 45 వద్ద ఉన్నను 75 వద్ద ఉన్నను అది 2 కిలోవాట్ల చొప్పుననే వేడినిచ్చును. నీరు 40 డిగ్రీలకు చేరుటకు రెండు విధములను ఒకే సమయము పట్టును. నాబు వేగమును మార్చదు. ఎక్కడ ఆగవలెనో మాత్రము చెప్పును.

ఆ ఆగు పనిని నిర్వహించు పరికరమునకు థర్మోస్టాటని పేరు. మన ఇండ్లలోని అనేక గీజరులలో ఇది సన్నని పొడవైన గొట్టమువలె ఉండి, తొట్టి లోపలికి చొచ్చియుండును. పైగొట్టము ఇత్తడిది. దాని నడుమ ఇన్వారు అను మిశ్రలోహపు కడ్డీ యొకటి, ఒక కొనయందు గొట్టమునకు అతుకబడి యుండును. ఇత్తడి వేడికి సాగును; ఇన్వారు దాదాపు సాగదు. ఇనుమును నికెలును కలిపి చేయు ఈ లోహమును 1896లో షార్ల్ ఎడువార్ గియోమ్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. ఇటువంటి లోహములపై చేసిన కృషికే ఆయనకు 1920లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము లభించెను. నీరు కాగిన కొలది ఇత్తడి గొట్టము పొడవెక్కి, లోపలి కడ్డీని తనతోపాటు లాగుకొనిపోవును. కడ్డీ రెండవ కొన కొంత దూరము జరుగగనే స్విచ్చి విడిపోవును, కరెంటు ఆగును, ఎఱ్ఱదీపము ఆరును. నీరు కొన్ని డిగ్రీలు చల్లారినచో గొట్టము కురుచయై స్విచ్చి మరల కలియును. నాబును త్రిప్పినపుడు మనము మార్చునది, కడ్డీ ఎంత జరిగిన పిదప స్విచ్చి విడిపోవలెనను కొలతను మాత్రమే.

ఇక నాబును ఎక్కడ నిలుపవలెనను ప్రశ్న. అనేకులకు ముందుగా తోచు ఆలోచన కరెంటు బిల్లు. కావున లెక్క ప్రారంభించుదము. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒక కిలోకాలరీ వేడిమి కావలెను. ఒక యూనిటు కరెంటు 860 కిలోకాలరీల వేడిమినిచ్చును. 15 లీటర్ల గీజరులోనికి 25 డిగ్రీల నీరు వచ్చినదనుకొందము. దానిని 60 డిగ్రీలకు తెచ్చుటకు 525 కిలోకాలరీలు, అనగా 0.61 యూనిటు కావలెను. 2 కిలోవాట్ల ఎలిమెంటునకు ఇది సుమారు 18 నిమిషముల పని. 45 డిగ్రీలతో ఆపినచో 300 కిలోకాలరీలు, అనగా 0.35 యూనిటు చాలును. పట్టు సమయము పది నిమిషములకు కొంచెము పైన.

ఇది చూచి, నాబును తగ్గించినంతనే సగము కరెంటు మిగిలినదని సంతోషింపరాదు. స్నానమునకు మనకు కావలసినది సుమారు 40 డిగ్రీల నీరు. 60 డిగ్రీల నీరు 15 లీటర్లకు 25 డిగ్రీల చన్నీరు 20 లీటర్లు కలిపినచో 40 డిగ్రీల నీరు 35 లీటర్లగును. 45 డిగ్రీల నీరు 15 లీటర్లకు 5 లీటర్ల చన్నీరు మాత్రమే కలుపవచ్చును. వచ్చునది 20 లీటర్లు. మొదటిది రెండు బకెట్లు, రెండవది ఒక బకెట్టు. రెండింటను లీటరు స్నానపు నీటికి అయిన ఖర్చు 15 కిలోకాలరీలే. చూచితిరా! స్నానమునకగు కరెంటు నాబునుబట్టి కాక, పోసికొను నీటినిబట్టి యుండును. కరెంటును నిజముగా పొదుపు చేయగోరువారు నాబునకంటె ముందు బకెట్టును చూడవలెను.

అయినను నాబు వలన మారు ఖర్చు ఒకటి కలదు. అది ఊరకే పోవు వేడిమి. తొట్టిచుట్టు నురుగువంటి తొడుగు ఎంత మందముగా ఉన్నను వేడి కొంత బయటికి జారుచునే యుండును. లోపలి నీటికిని గది గాలికిని గల తేడాను అనుసరించి ఆ నష్టముండును. గదిలో 28 డిగ్రీలున్నచో 60 డిగ్రీల తొట్టికి తేడా 32. 50 డిగ్రీల తొట్టికి 22. అనగా రెండవ దాని నష్టము మొదటి దానిలో సుమారు మూడింట రెండు వంతులు. నీటిని నిలువచేయు గీజరులకు ప్రభుత్వ సంస్థయైన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఇచ్చు నక్షత్రములు కూడ ఈ నష్టమునుబట్టియే ఇయ్యబడును. ఇరువదినాలుగు గంటలలో, 45 డిగ్రీల తేడాతో, ఎంత కరెంటు ఊరక పోయినదో కొలిచి, నష్టము తక్కువగా గల గీజరునకు ఎక్కువ నక్షత్రములిత్తురు. రోజంతయు గీజరును వేసియుంచుట పొదుపని కొందరందురు. అది నిజము కాదు. నీరు వేడిగా నిలిచినంతసేపు నష్టము సాగుచునే యుండును. స్నానమునకు ఇరువది నిమిషముల ముందు వేసి, పని తీరగనే ఆపుటయే పొదుపు.

కావున కరెంటు లెక్క నాబును గూర్చి తుది తీర్పు చెప్పజాలదు. ఆ తీర్పు చెప్పవలసినవి రెండు ప్రమాదములు. ఒకటి వేడి ఎక్కువైన వచ్చునది. రెండవది వేడి తక్కువైన వచ్చునది. మొదటిది అందరికి తెలిసినదే. అయినను దాని కొలత తెలిసినవారు అరుదు.

వేడినీరు చర్మమును ఎంతసేపటిలో కాల్చునను విషయమును అమెరికాలో మోరిట్జ్, హెన్రిక్స్ అను శాస్త్రజ్ఞులు పరిశోధించి, ఫలితములను 1947లో ప్రకటించిరి. నేటికిని వైద్యులు ఆ లెక్కలను ఆధారముగా గొనుచున్నారు. పెద్దవారి చర్మమును తీవ్రముగా కాల్చుటకు 49 డిగ్రీల నీటికి కొన్ని నిమిషములు పట్టును. 55 డిగ్రీల నీటికి సుమారు అరనిమిషము చాలును. 60 డిగ్రీల నీటికి ఐదు సెకండ్లు చాలును. 70 డిగ్రీల నీటికి ఒక్క సెకండే చాలును. నాబు మీద 55కు 60కి నడుమ దూరము వేలి మందమంత యుండునేమో; కాని చర్మమునకు అది అరనిమిషమునకు ఐదు సెకండ్లకు గల దూరము. అరనిమిషములో చేయి వెనుకకు తీసికొనవచ్చును. ఐదు సెకండ్లలో, కుళాయి త్రిప్పి దాని క్రిందనే నిలిచిన రెండేండ్ల బిడ్డ, ఏమి జరిగినదో తెలిసికొనులోపలనే గాయపడును. పసివారి చర్మము పలుచన. వారికి పెద్దవారికంటె తక్కువ కాలము చాలును. వృద్ధులు త్వరగా తొలగజాలరు. మధుమేహము ముదిరి పాదములు మొద్దుబారినవారికి కాలుచున్న సంగతియే తెలియకపోవచ్చును. ఈ కారణము చేతనే అమెరికాలో వినియోగదారుల వస్తువుల భద్రతను చూచు ప్రభుత్వ సంఘము ఇండ్లలోని వేడినీటి యంత్రములను 49 డిగ్రీలకు మించనీయవలదని ప్రజలకు సలహా యిచ్చుచున్నది.

అట్లయినచో అందరును 49 వద్దనే నిలిపిన సరిపోవును గదా యని మీరడుగవచ్చును. ఇక్కడనే రెండవ ప్రమాదము ఎదురగును. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున మాజీ సైనికుల సంఘము వారి మహాసభ జరిగెను. సభకు వచ్చినవారు ఒకరివెంట ఒకరు తీవ్రమైన నిమోనియాతో మంచము పట్టిరి. సుమారు 30 మంది మరణించిరి. ఆ మరుసటి సంవత్సరము దానికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొనిరి. ఆ సైనికుల సంఘము పేరునుబట్టి దానికి లీజియోనెల్లా అని పేరిడిరి. పెద్ద భవనములను చల్లబరచు యంత్రముల నీటిలోను, గోరువెచ్చగా నిలువయుండు నీటి తొట్లలోను ఇది వృద్ధిపొందునని పిమ్మటి పరిశోధనలలో తేలినది. ఇది త్రాగిన నీటివలన కంటె, సన్నని తుంపురులు ఊపిరితిత్తులలోనికి పోవుటవలన సోకును. 25 మొదలు 45 డిగ్రీల వరకు దీనికి ఇష్టమైన వెచ్చదనము. 60 డిగ్రీల వద్ద కొన్ని నిమిషములలో నశించును. అందుచేత బ్రిటనులో ఆరోగ్యభద్రతాధికారులు భవనములలో నిలువచేయు వేడినీరు 60 డిగ్రీలకు తగ్గరాదని చెప్పుచున్నారు.

ఒకరు 49 అందురు. మరియొకరు 60 అందురు. ఇద్దరును సత్యమే పలుకుచున్నారు. మొదటివారు కుళాయి క్రింద నిలిచిన బిడ్డను తలచిరి; రెండవవారు తొట్టిలో నిలిచిన నీటిని తలచిరి. కావున మనము చేయవలసినది అంకెను అరువు తెచ్చుకొనుట కాదు; మన ఇంటి తొట్టి యెట్టిదో, మన ఇంట స్నానము చేయువారెవరో చూచుకొనుట.

15 లేక 25 లీటర్ల గీజరు ఉన్న సామాన్య గృహమును తీసికొందము. ఆ నీరు ప్రతిదినము కాగును, ప్రతిదినము ఖర్చగును, క్రొత్త నీరు వచ్చి చేరును. పెద్ద భవనముల తొట్లలోవలె గోరువెచ్చగా దినముల తరబడి నిలువయుండదు. బకెట్టులో పట్టి చెంబుతో పోసికొను స్నానములో తుంపురులును షవరులో కంటె తక్కువ. అట్టి ఇంట చిన్నపిల్లలు, వృద్ధులు ఉన్నచో నాబును 50 దరిదాపులలో ఉంచుట మేలని మా అభిప్రాయము. వారమునకొకసారి, పిల్లలు స్నానపు గదిలో లేని వేళ, 60 డిగ్రీలకు పైగా కాచి, కొంతసేపు నిలిపి, పిమ్మట నాబును మరల తగ్గింపవచ్చును. అందరును పెద్దవారే అయి, బకెట్టులో కలిపికొనుటకు అలవాటుపడినవారైనచో 55 మొదలు 60 వరకు ఉంచుకొనవచ్చును. నీరెక్కువ కావలసినవారికిని ఇది అనుకూలము. 60 దాటించవలసిన అవసరము మాత్రము నిత్యజీవితమున మాకు కనబడదు.

పెద్ద తొట్టి యున్న ఇంటికి, సూర్యరశ్మితో నీరు కాచుకొను ఇంటికి, అతిథిగృహములకు ఈ సలహా వర్తింపదు. అక్కడ నీరు దినముల తరబడి నిలువయుండును. అక్కడ నిలువ 60 డిగ్రీలుండవలెను. కుళాయికి చేరులోపల చన్నీరు తగుపాటి కలిసి వచ్చునట్లు, వేడిమినిబట్టి తానే సర్దుకొను మిశ్రమ కవాటమును అమర్చుకొనవలెను. ఊరికి పోయి పది దినములకు తిరిగి వచ్చినవారు కూడ ముందుగా నీటిని బాగుగా కాచి, షవరు తలను విప్పి, కొంత నీటిని నెమ్మదిగా వదలివేసిన పిమ్మట స్నానము చేయుట మంచిది.

నాబును ఎక్కడ నిలిపినను విడువరాని నియమమొకటి కలదు. బకెట్టులో ముందు చన్నీరు, పిదప వేన్నీరు పట్టవలెను. వేన్నీరు ముందుగా పట్టి, చన్నీటి కుళాయి త్రిప్పులోపల వంటింటిలో పాలు పొంగినవని తల్లి పరుగెత్తినచో, ఆ బకెట్టు బిడ్డకు అందుబాటులో నుండును. ముందు చన్నీరు పట్టినచో ఆ పరుగువలన నష్టము లేదు. ఒకవేళ కాలినచో, కాలిన చోట ఇరువది నిమిషములపాటు కుళాయి చల్లనీటిని ధారగా పోయవలెను. మంచుగడ్డ పెట్టరాదు. నేయి, సిరా, పళ్ళపొడి మొదలైనవి పూయరాదు. పిమ్మట శుభ్రమైన గుడ్డ కప్పి వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను.

కాలమునుబట్టి కూడ నాబును మార్చుకొనవలెను. పైని లెక్కలో 25 డిగ్రీల నీటిని తీసికొంటిమి. ఆదిలాబాదు ప్రాంతమునను, విశాఖ మన్యములోని చింతపల్లి, లంబసింగి ప్రాంతములందును పుష్యమాసపు తెల్లవారుజామున ట్యాంకు నీరు 15 డిగ్రీలకు దిగినదనుకొందము. అప్పుడు అదే గీజరు నీటిని 60కి తెచ్చుటకు 18 నిమిషములకు మారుగా 23 నిమిషములు దాటును. కలుపదగిన చన్నీరు 20 లీటర్లకు మారుగా 12 లీటర్లే. గీజరు చెడిపోయినదని మిస్త్రీకి కబురుపెట్టనక్కరలేదు. చెడినది గీజరు కాదు, వచ్చినది చలికాలము. వేసవిలో విజయవాడ మేడమీది ట్యాంకు నీరు మధ్యాహ్నమునకు తానే చేతిని చురుక్కుమనిపించును. ఆ నెలలలో గీజరు స్విచ్చిని ముట్టనక్కరయే లేదు.

బోరుబావి నీటిని వాడువారు మరియొక సంగతిని గమనింపవలెను. కఠినజలమును కాచినపుడు అందు కరగియున్న సున్నపు లవణము తెల్లని పెచ్చుగా మారి ఎలిమెంటునకు పట్టును. వేడి ఎక్కువైన కొలది, ముఖ్యముగా 60 దాటిన పిమ్మట, ఈ పెచ్చు త్వరత్వరగా పెరుగును. పెచ్చు దుప్పటివలె కప్పుటచే ఎలిమెంటు తన వేడిని నీటికి ఈయలేక తానే కాలిపోవును. నాబును తగ్గించియుంచుట గీజరు ఆయువునకు కూడ మంచిదే. ఏడాదికొకసారి తొట్టిని విప్పించి పెచ్చును తీయించుకొనవలెను.

గీజరు క్రింది కవాటమునుండి నీరు కాగునపుడు చుక్కలు రాలుట చూచి కొందరు భయపడి దానికి బిరడా బిగింతురు. అట్లు ఎన్నడును చేయరాదు. నీరు వేడెక్కినచో వ్యాకోచించును. 15 లీటర్ల నీరు 25 మొదలు 60 డిగ్రీలకు వచ్చునప్పటికి సుమారు ఒక గ్లాసెడు, అనగా 200 మిల్లీలీటర్ల మేర పెరుగును. ఆ పెరిగిన నీటికి కొన్ని గీజరులలో ఆ కవాటమే దారి. అంతకంటె ముఖ్యముగా, థర్మోస్టాటు స్విచ్చి ఎప్పుడైన అతుకుకొనిపోయి కరెంటు ఆగనిచో, లోపలి ఆవిరి ఒత్తిడికి తొట్టి పగులకుండ కాపాడునది అదియే. అట్టి సమయమున కరెంటును ఆపుటకు గీజరులో వేరొక రక్షణ స్విచ్చి కూడ ఉండును. కుళాయినుండి ఆవిరి చిమ్ముచు నీరు వచ్చినను, ఎఱ్ఱదీపము ఎంతసేపటికిని ఆరకున్నను, వెంటనే గోడస్విచ్చిని ఆపి పనివానిని పిలువవలెను. నాబు పైకి కనబడక అడుగుమూత లోపల ఉన్న గీజరులలో దానిని మార్చుట కూడ పనివాడే, కరెంటును పూర్తిగా ఆపి, చేయవలసిన పని.

తుదకు ఒక్కమాట. నాబుమీది అంకెను పూర్తిగా నమ్మరాదు. పాతబడిన థర్మోస్టాటు 50 అని చూపుచు 60కి కాచుట కలదు. కొన్ని నాబులమీద అంకెలే యుండవు. కావున ఒక దినము ఉదయము ఎఱ్ఱదీపము ఆరిన తరువాత, కుళాయి క్రింద స్టీలుచెంబు పెట్టి, మొదటి నీటిని పారబోసి, రెండవ చెంబు నీటిలో ఉష్ణమాపకముంచి చూడుడు. జ్వరము చూచు ఉష్ణమాపకము దీనికి పనికిరాదు; అది 42 డిగ్రీల దరిదాపులలోనే ముగియును. వంటకును ప్రయోగశాలలకును వాడు 100 డిగ్రీల ఉష్ణమాపకము కావలెను. దానిలో కనబడిన అంకెయే మీ ఇంటి గీజరు యొక్క నిజమైన వేడిమి. అది మీరు కోరినంత ఉన్నచో, నాబు ఉన్నచోట పెన్సిలుతో ఒక గీత గీయుడు. లేకున్నచో కొంచెము త్రిప్పి, మరునాడు మరల చూడుడు. రెండుమూడు దినములలో సరియైన చోటు దొరకును. తరువాత మిస్త్రీ నిలిపినచోట కాక, మీరు ఎరిగి నిలిపినచోట ఆ నాబు నిలిచియుండును.